అది ఏ గ్యాస్ ధరో కూడా రాయండి

సంపాదకుడు గారికి,

మీ వాణిజ్య పేజీలో వచ్చే ముడిచమురు, సహజవాయువు అంచనాలు వదలకుండా చదువుతాను. ‘ఫలానా ధర దాటితే కొనొచ్చు, ఫలానా దగ్గర స్టాప్‌లాస్ (నష్టం పెరగక ముందే బయటపడే ధర)’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ ధర ఏ దేశానిదో మాత్రం రాయరు. నా ఫిర్యాదు అదే.

ఎంసీఎక్స్‌లో, అంటే సరుకుల ధరల మీద ముందస్తు బేరాలు నడిచే మన ఎక్స్ఛేంజీలో, నేచురల్ గ్యాస్ కాంట్రాక్టు నడిచేది అమెరికాలో, లూసియానా రాష్ట్రంలోని హెన్రీ హబ్ అనే గ్యాస్ పైపులైన్ల కూడలి ధర మీద. మన వంటింటి సిలిండర్‌లో ఉండేది ఎల్పీజీ. దాని లెక్కకు ఆధారం సౌదీ ఆరామ్‌కో నెలనెలా ప్రకటించే రేటు. ఇక ప్రభుత్వ సంస్థ ఓఎన్జీసీ పాత క్షేత్రాల గ్యాస్‌కు కేంద్రం 2023 ఏప్రిల్‌లో యూనిట్‌కు (ఎంఎంబీటీయూ) 6.5 డాలర్ల గరిష్ఠ పరిమితి పెట్టింది, రెండేళ్ల తర్వాత దాన్ని 6.75 చేసింది. హెన్రీ హబ్ పెరిగిందని ఓఎన్జీసీ షేరు కొనేవాళ్లను నేనెరుగుదును. ఎవరు చెప్పారో వాళ్లకి!

‘యుద్ధమో కొరతో వస్తే గ్యాస్ ధర పెరగదా?’ అన్నది ఇంకో నమ్మకం. 2022 జూన్‌లో టెక్సాస్‌లోని ఫ్రీపోర్ట్ ఎల్ఎన్జీ (ఓడల్లో పంపడానికి ద్రవంగా మార్చిన గ్యాస్) ప్లాంటులో పేలుడు జరిగి ఎగుమతులు ఆగిపోయాయి. రావలసిన సరుకు రాక ఐరోపాలో ధర ఎగబాకింది. అదే గ్యాస్ బయటికి పోయే దారి లేక అమెరికాలో ధర పడిపోయింది. కొరత వార్త చూసి ఎంసీఎక్స్‌లో కొన్నవాడి గతేమిటి?

మా కాకినాడలో డిగ్రీ కుర్రాళ్లు సైతం గురువారం రాత్రి ఎనిమిదింటికి ఫోన్లు పట్టుకుని కూర్చుంటున్నారు. అమెరికా గ్యాస్ నిల్వల లెక్క వచ్చే వేళ అది (చలికాలంలో తొమ్మిది). ఒక లాట్, అంటే ఒక్క బేరంలో కొనాల్సిన మొత్తం, 1,250 యూనిట్లు. ధర 10 రూపాయలు కదిలితే 12,500 వచ్చినట్టో పోయినట్టో. 250 యూనిట్ల మినీ లాట్ ఉందిగా అంటారు. ఒకటి కాస్తా నాలుగైతే అది మినీ ఎలా అవుతుంది?

చమురు సంగతి మరీ ఘోరం. 2020 ఏప్రిల్ 20న లాక్‌డౌన్ వల్ల ఎంసీఎక్స్ సాయంత్రం 5 గంటలకే మూతపడింది. చివరి ధర బ్యారెల్‌కు 965 రూపాయలు. మనం పడుకున్నాక అమెరికాలో ధర మైనస్ 37.63 డాలర్లకు దిగింది, అంటే అమ్మేవాడే ఎదురు డబ్బిచ్చి వదిలించుకోవాలి. ఆ ధరను బట్టే ఎంసీఎక్స్ తన చమురు కాంట్రాక్టు లెక్కను మైనస్ 2,884 రూపాయల దగ్గర తేల్చేసింది. 965కి 100 బ్యారెళ్ల లాట్ కొన్నవాడికి 3.85 లక్షలకు కాస్త తక్కువగా పోయింది. అమ్ముకుందామంటే మార్కెట్టే తెరిచి లేదు.

పెద్ద బ్యాంకుల జోస్యాలూ అంతే. 2008 మేలో గోల్డ్‌మన్ శాక్స్ చమురు 150–200 డాలర్లకు వెళ్లొచ్చంది. జూలైలో 147 తాకింది, డిసెంబరుకి 40 కిందికి పడింది.

అంచనాలు మానేయమని అనను. ప్రతి అంచనా కింద మూడు సంగతులు వేయండి: అది ఏ మార్కెట్ ధర, ఒక లాట్‌కు రూపాయి కదిలితే ఎంత, అదే విశ్లేషకుడు మూడు నెలల కిందట ఏం చెప్పాడు. జాగా చాలకపోతే టార్గెట్ అంకె తీసేసి అయినా వేయండి.

— ఒక పాఠకుడు, కాకినాడ