పూల రైతుకు ముందు మంచి మొక్క కావాలి

సంపాదకులు గారికి,

పూల సాగులో ఆధునిక పద్ధతులు అనగానే అధికారుల నోట పాలీహౌస్ (ప్లాస్టిక్ కప్పిన షెడ్డు), అందులో పెంచే జెర్బెరా, కార్నేషన్ పూల మాటలే వినిపిస్తాయి. మా అనంతపురం వైపు వేరుశనగతో దెబ్బతిని, బోరు కింద అరెకరానో ఎకరానో పూలకు తిప్పుకున్నవాళ్లు వేసేది చామంతి, కనకాంబరం, లిల్లీ. వీళ్లకు ముందు కావలసింది తెగులు లేని మొక్క. దాని ఊసే లేదు.

కొత్త పద్ధతులంటే మా రైతులకు జంకు లేదు. చామంతి మొగ్గ తొడగాలంటే రాత్రి చీకటి ఎక్కువసేపు ఉండాలి. అందుకే చేన్లో బల్బులు కట్టి పూతను ఆపి, పండగ గిరాకీకి కోత అందేలా చూసుకునేవాళ్లున్నారు. అంత కష్టపడ్డా నాటిన మొక్కే జబ్బుదైతే ఏం లాభం?

కనకాంబరం సంగతే చూడండి. ఢిల్లీ అనే రకానికి విత్తనం కట్టదు, కొమ్మలు నాటే మొక్కలు చేస్తారు. తల్లి మొక్కకు జబ్బుంటే అదీ వెంట వస్తుంది, నర్సరీ మట్టిలో ఉండి వేళ్లను తొలిచే, కంటికి కనపడని నులిపురుగూ వస్తుంది. కొనేటప్పుడు నవనవలాడిన మొక్క పూత అందుకునే వేళకు తల వాల్చేస్తుంది. పీకి చూస్తే వేళ్ల నిండా బుడిపెలు. పురుగు తొలిచిన వేరులోకి ఎండు తెగులు సులువుగా దిగుతుంది. ఇక ఏ మందు పోసినా చేను నిలవదు. నర్సరీవాళ్లను నిలదీద్దామంటే చేతిలో బిల్లు కూడా ఉండదు.

మన అరటి రైతులు ఏనాటి నుంచో టిష్యూ కల్చర్ జీ-9 రకం మొక్కలు నాటుతున్నారు. పరీక్షించిన తల్లి మొక్క చిగురు నుంచి ల్యాబులో పెంచిన మొక్కలవి. పూల రైతుకు ఆ భాగ్యం ఎందుకు లేదు? బెంగళూరు పక్కన హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ లిల్లీలో అర్కా ప్రజ్వల్ లాంటి రకాలు ఇచ్చింది. అంత దగ్గరున్నా నాటడానికి వాటి శుద్ధమైన గడ్డలు ఇక్కడి చిన్న రైతుకు దొరకడం కష్టమే. ల్యాబు మొక్కైనా సరే, తెగులున్న నేలలో పెడితే మళ్లీ పోతుంది. కాబట్టి మొక్కతో పాటు నులిపురుగుకు మట్టి పరీక్ష కూడా ఊళ్లోనే జరగాలి.

ఉద్యాన శాఖ జిల్లాలో ఒక తల్లి మొక్కల తోట, దానికి తోడు చిన్న ల్యాబు పెట్టాలి. నర్సరీల నియంత్రణకు 2010లో చేసిన చట్టం ఉంది. దాని ప్రకారం పూల నర్సరీలను తనిఖీ చేసి, రకం పేరు, తల్లి మొక్క వివరం రాసిన బిల్లు రైతు చేతికి వచ్చేలా చూడాలి. వచ్చే నాట్ల లోపే ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పూల రైతు,
అనంతపురం