ల్యాబ్ తాళం తీయించండి, మంత్రి గారూ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైస్కూల్లో సైన్స్ చెప్పే టీచర్ని. 19 ఏళ్ల సర్వీసు. ఎక్కడైనా బడి ల్యాబులో ప్రమాదం జరిగిందని తెలియగానే పైనుంచి కిందిదాకా అందరి నోటా వచ్చే మొదటి మాట ఒకటే: ప్రయోగాలు ఆపేయండి. ఆ మాట పిల్లల మేలు కోరే అంటారని నాకు తెలుసు. కానీ తాళం పడ్డాక క్లాసులో ఏం జరుగుతుందో మూడేళ్లు దగ్గరుండి చూశాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా వల్ల జరిగిన పొరపాటు చెప్తాను.

ఉద్యోగంలో చేరిన రెండో సంవత్సరం. ఆకులో పిండిపదార్థం ఉందని చూపించే ప్రయోగం చేస్తున్నాను. ప్రతి బడిలో, ప్రతి పాఠ్యపుస్తకంలో ఉండేదే. ఆకులోని పత్రహరితం పోవాలంటే దాన్ని వేడి స్పిరిట్‌లో ఉంచాలి. బల్ల మీద స్టాండు, కింద వెలుగుతున్న దీపం, పైన నీళ్ల బీకరు, అందులో సగం దాకా స్పిరిట్ పోసిన చిన్న బీకరు. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలాగే పెట్టాను. స్పిరిట్‌ను నేరుగా మంట మీద పెట్టకూడదని చదివాను, పెట్టలేదు కూడా. అంతటితో జాగ్రత్త అయిపోయిందనుకున్నాను.

స్పిరిట్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. దాని ఆవిరి గాలికంటే బరువు, పైకి పోదు. బీకరు అంచు దాటి కిందికి జారి, బల్ల మీదుగా పాకి, దీపం దాకా వెళ్తుంది. ఆ రోజు అదే జరిగింది. నీలంగా, కనీకనిపించకుండా ఒక మంట బల్ల మీద పరుగెత్తి బీకరులోకి దూకింది. ముందు వరసలో వంగి చూస్తున్న అబ్బాయి కనుబొమ్మలు కమిలాయి. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తే. నేను కొయ్యబారిపోయాను. మా అటెండరు పరుగున వచ్చి తడి గోనెపట్టా కప్పి మంట ఆర్పాడు.

బాబు కళ్లకు ఏమీ కాలేదు. అది అదృష్టం, అంతే. నా ట్రైనింగ్ రికార్డులో ఇదే ప్రయోగం కింద నేను చక్కటి దస్తూరీతో రాసిన వాక్యం "తగు జాగ్రత్తలు తీసుకొనవలెను." ఏ జాగ్రత్తలో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ సాయంత్రం హెడ్మాస్టరు గారు ల్యాబుకు తాళం వేశారు. "మనకెందుకమ్మా ఈ టెన్షన్" అన్నారు. నాకూ అదే నయమనిపించింది. జరిగింది ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. పక్క బడిలో సైన్స్ టీచరుకు కూడా తెలియదు. ఈ సంగతి మళ్లీ ఎత్తుతాను.

మూడేళ్లు ఆ తాళం అలాగే ఉంది. ఆకు, బీకరు, దీపం అన్నీ బోర్డు మీద సుద్దముక్కతో గీశాను. పిల్లలు గీసుకున్నారు, మార్కులు తెచ్చుకున్నారు. ఒకసారి అలమర సర్దుతుంటే మంచి మార్కులు వచ్చే అమ్మాయి ఒకతె గోధుమరంగు ద్రవం ఉన్న సీసా పట్టుకుని, "ఇది దేనికి టీచర్?" అని అడిగింది. అది అయోడిన్, పిండిపదార్థం ఉందో లేదో పట్టించే ద్రవం. వారం కిందటే ఆ పిల్ల పరీక్షలో "అయోడిన్ వేయగా ఆకు నీలి నలుపు రంగుకు మారును" అని రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంది. దిద్దింది నేనే.

ఆ ప్రయోగాన్ని ఎలా చేయాలో నాకు ఒక మధ్యాహ్నంలో నేర్పింది వేరే బడిలో పనిచేసే ఒక పెద్ద టీచర్. "అమ్మాయ్, నీళ్లు ముందు కాచుకో. దీపం ఆర్పెయ్. ఆర్పి, పక్కన పెట్టి, అప్పుడు స్పిరిట్ సీసా మూత తియ్యి" అన్నారు. ఇంతే. గదిలో మంట ఉండగా స్పిరిట్ బయటికి రాదు, స్పిరిట్ బయట ఉండగా మంట వెలగదు. మరిగిన నీళ్ల వేడే ఆ పనికి సరిపోతుంది. స్పిరిట్ కూడా బీకరులో కాదు, పరీక్షనాళికలో ఆకు ముక్క మునిగేంత చాలు. పొరపాటున అంటుకున్నా ఆ మంట వేలెడంత ఉంటుంది, ఒక మూతతో ఆరిపోతుంది. రక్షణ కళ్లద్దాలు పిల్లలకూ, టీచరుకూ కూడా. కిటికీలు తెరిచే ఉండాలి.

ఇలా చేయడం మొదలుపెట్టాక నేను అనుకోనిది ఇంకొకటి జరిగింది. దీపం లేదు కాబట్టి పిల్లల్ని దూరంగా నిలబెట్టాల్సిన పని పోయింది. నలుగురైదుగురికి ఒక గిన్నె వేడినీళ్లు, ఒక పరీక్షనాళిక ఇచ్చి వాళ్ల చేతే చేయించాను. ఆకు తెల్లబడేదాకా దాదాపు 10 నిమిషాలు ఆగాలి. ఆ 10 నిమిషాలే నా క్లాసులో అన్నిటికంటే విలువైనవి. పచ్చ, తెలుపు మచ్చలున్న ఆకు ఇచ్చి, ముందుగా దాని బొమ్మ గీయిస్తాను. అయోడిన్ వేస్తే ఎక్కడ నల్లబడుతుందో బొమ్మ మీద గుర్తు పెట్టమంటాను. మొత్తం నల్లబడుతుందని కొందరు, అంచులే అని కొందరు. వాదించుకుంటారు. ఆ తర్వాత స్పిరిట్‌లో పెళుసెక్కిన ఆకును మళ్లీ వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక తెల్లని పళ్లెంలో పరిచి, అయోడిన్ చుక్కలు వేస్తారు. పచ్చగా ఉన్నంత మేరే నీలి నలుపు. తెల్లమచ్చల మీద అయోడిన్ గోధుమరంగు తప్ప ఏమీ లేదు. తన బొమ్మ తప్పైన పిల్ల ముఖం ఒక్కసారి చూడండి మంత్రి గారూ. ఆ పిల్లకు ఇక ఆ పాఠం ఎవరూ మళ్లీ చెప్పక్కర్లేదు.

ఒకోసారి ఆ 10 నిమిషాల్లో 17వ శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ సంగతి చెప్తాను. ఆయన తూకం వేసిన మట్టిలో ఒక విల్లో మొక్క నాటి, 5 ఏళ్లు నీళ్లు పోసి, మళ్లీ తూచాడు. రెండున్నర కిలోలకు తక్కువే ఉన్న మొక్క దాదాపు 77 కిలోల చెట్టయింది. మట్టి తగ్గింది 60 గ్రాములలోపే. మరి ఇంత కట్టె ఎక్కడి నుంచి వచ్చింది? నీళ్ల నుంచే అన్నాడాయన. ఆయన పోయాక 1648లో అచ్చయింది ఆ మాట. అందులో సగమే నిజమని, మిగతాది గాలిలోంచి వచ్చిందని చెప్పినప్పుడు పిల్లలు చేతిలోని ఆకును తిప్పి తిప్పి చూస్తారు.

ప్రయోగాలు తగ్గించమనే వాళ్లది ఉత్త భయం అని నేను అనను. 2014 సెప్టెంబరులో అమెరికాలో రెండు వారాల తేడాతో రెండు ప్రమాదాలు జరిగాయి. రీనోలో ఒక మ్యూజియంలో 13 మంది, డెన్వర్‌లో ఒక బడిలో నలుగురు గాయపడ్డారు. రెండు చోట్లా నిప్పు ఉన్నచోట సీసాలోంచి మిథనాల్ (ఒక రకం స్పిరిట్) పోయడమే కారణం. మిథనాల్ మంట వెలుతురులో సరిగా కనిపించదు. డెన్వర్‌లో ఆవిరి అంటుకుని సీసా నోట్లోంచి మంట జువ్వలా దూసుకొచ్చింది. అక్కడి కెమికల్ సేఫ్టీ బోర్డు ఈ ప్రమాదాలను పరిశీలించి హెచ్చరిక ప్రకటించింది. అందులో ముఖ్యమైన సలహా: పెద్ద సీసాను ప్రదర్శన దగ్గరికే తేవద్దు. అది చదివినప్పుడు నా బీకరు గుర్తొచ్చి చేతులు చల్లబడ్డాయి. కారణం ఒకటే కదా, మంట ఉన్నచోట స్పిరిట్. అలాంటి ప్రయోగాలు కొన్ని పూర్తిగా మానేయాల్సినవే. అమ్మోనియం డైక్రోమేట్ అనే పొడిని వెలిగించి "అగ్నిపర్వతం" చూపించడం వాటిలో ఒకటి. ఆ పొడిలోని క్రోమియం క్యాన్సర్ కారకం. పిల్లలు చప్పట్లు కొడతారు, నేర్చుకునేది మాత్రం ఏమీ లేదు. అలాంటివి ఆపమని మీరు ఆదేశిస్తే మొదట సంతోషించేది నేనే.

అయితే ప్రమాదం భయం ఒక్కటే అసలు కారణమైతే, ఏ ప్రమాదమూ లేని ప్రయోగాలైనా మన బళ్లలో జరుగుతుండాలి కదా. లోలకం తీసుకోండి. ఒక దారం, ఒక రాయి, ఒక గడియారం. దారం 1 మీటరు ఉంటే 20 ఊపులకు (వెళ్లి తిరిగి వస్తే ఒక ఊపు) 40 సెకన్లు పడుతుంది. రాయి బరువు పెంచితే? తొందరగా ఊగుతుందంటారు దాదాపు అందరూ. ఊపి చూస్తే మళ్లీ 40. దారం సగం చేస్తే? 20 సెకన్లు అంటారు, ఎంతో నమ్మకంగా. 28 వస్తుంది. తప్పు లెక్కపెట్టామని మళ్లీ చేస్తారు. మళ్లీ 28. ఎంత పొడవుకు 20 సెకన్లు వస్తాయో కనుక్కోమని వదిలేస్తే, దారం కత్తిరించుకుంటూ పోయి 25 సెంటీమీటర్ల దగ్గర ఆగుతారు. వర్గమూలం అనే మాట అప్పుడు చెప్తే చెవికెక్కుతుంది. దీనికి తాళం ఎందుకు పడింది? రెండు పీరియడ్లు పడుతుంది, సిలబస్ వెనకబడుతుంది, పరీక్షలో సూత్రం ఒక్కటే అడుగుతారు. ప్రాక్టికల్ మార్కులు రికార్డు అట్ట అందంగా ఉంటే పడిపోతాయి. నేనూ వేశాను అలాంటి మార్కులు.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇదీ. టీచర్లకు ఇచ్చే శిక్షణలో ఉపన్యాసాలు తగ్గించి, ఏడాదిలో చేయించాల్సిన ప్రయోగాలన్నీ మా చేత చేయించండి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని నీళ్లలోకి ఎందుకు కొద్దికొద్దిగా పోయాలో, నీళ్లను ఆమ్లంలోకి ఎందుకు పోయకూడదో మాకు మాటల్లో వచ్చు. పోస్తున్నప్పుడు బీకరు బయట చెయ్యి పెట్టి ఆ వేడి చూసినవాళ్లు మాలో ఎందరు? గాజు గొట్టాన్ని రబ్బరు బిరడాలోకి దూర్చేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకోవాలని గొట్టం విరిగి చెయ్యి తెగాకే నేర్చుకున్నాను. కొత్త ప్రయోగాన్ని పిల్లల ముందుకు తెచ్చేముందు ఒకసారి ఒంటరిగా చేసి చూసుకునే టైము టైంటేబుల్లో ఉండాలి. రసాయనాలు బీకర్లలో కాకుండా చుక్కల్లో వాడే పద్ధతి నేర్పించండి. ఖర్చూ తగ్గుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది, ప్రతి పిల్ల చేతికీ పని వస్తుంది. 60 మందిని ఒకేసారి ల్యాబులోకి పంపే బళ్లలో ఇవేవీ సాగవు. సగం మంది చొప్పున పంపేలా, ఆ వేళకు ఇంకో మనిషి తోడుండేలా చూడాలి.

అలమరల్లో పాత సీసాలు చాలా ఉన్నాయి. లేబుల్ రాలిపోయినవి, మూత బిగుసుకుపోయినవి. వాటిని తీసుకెళ్లి సరిగ్గా వదిలించే ఏర్పాటు బడికి లేదు. పిక్రిక్ ఆమ్లం లాంటిది తడి ఆరిపోయి ఎండితే, మూత తిప్పే రాపిడికే పేలే ప్రమాదం ఉంది. తాళం వేసినందువల్ల అది భద్రంగా మారదు. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా ఎండుతుంది. తెలిసినవాళ్లను పంపించి ప్రతి అలమరా ఒకసారి చూపించండి. కుళాయి లేని ల్యాబులో ఆమ్లాలు, క్షారాలు ఉంచనివ్వకండి. కంట్లో పడితే ఆగకుండా కనీసం 15 నిమిషాలు నీళ్లు పోస్తూ ఉండాలి. బకెట్ నీళ్లు ఎంతసేపు వస్తాయి?

ఇప్పుడు ఆ అబ్బాయి కనుబొమ్మల కథ దగ్గరికి మళ్లీ వస్తాను. ఆ రోజు జరిగింది నేను దాచాను. ఉద్యోగం పోతుందని భయం. హెడ్మాస్టరు గారిదీ అదే భయం. నాలాంటి బీకరు ఇంకెన్ని బళ్లలో అంటుకుందో, ఎందరు పిల్లలు వెంట్రుకవాసిలో బయటపడ్డారో మీ శాఖకు తెలిసే దారి లేదు. తెలియనప్పుడు ఆ పాఠ్యపుస్తకంలో బొమ్మ ఎవరు మారుస్తారు? కొంచెంలో తప్పిన ప్రమాదాన్ని టీచర్ రాసి పంపితే శిక్ష ఉండదని లిఖితపూర్వకంగా చెప్పండి. ఒక పేజీ ఫారం చాలు: ఏ ప్రయోగం, ఏం జరిగింది, దేనివల్ల. వచ్చినవాటిని బడి పేరు, టీచర్ పేరు తీసేసి అన్ని బళ్లకూ పంపండి. మొదటి ఫారం నేనే నింపుతాను. ఈ ఉత్తరంలో సగం అదే.

మా ల్యాబు తాళంచెవి ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. వచ్చే నెల ఎప్పటిలాగే ఆకు ప్రయోగం చేయిస్తున్నాను. క్లాసులో 42 మంది. నా దగ్గరున్న రక్షణ కళ్లద్దాలు 6 జతలు, ఒకటి నాకు పోను పిల్లలకు 5. అందుకని ఒక్కో గుంపును పిలిచి, మిగతావాళ్లను వెనక్కి కూర్చోబెట్టి, అదే ప్రయోగం తొమ్మిదిసార్లు చేయించాలి. మొదటి గుంపు చూసిన రంగు చివరి గుంపుకు ముందే తెలిసిపోతుంది. వాళ్ల బొమ్మలన్నీ ఒకేలా, అన్నీ సరిగ్గా ఉంటాయి. ఇంకో 37 జతలు ఇప్పించగలరా?

ఇట్లు,
ఒక సైన్స్ ఉపాధ్యాయురాలు