ముప్పై మూడింట్లో రెండే కారిన జల్లెడ

సంపాదకులు గారికి,

నమస్కారం. గత శనివారం రాత్రి మీ పత్రికని ఒక ఐస్ హాకీ మ్యాచ్‌కి తీసుకెళ్లి, అందరి మధ్యా నిలబడి ఊపి వచ్చాను. ఎందుకు ఊపానో చెప్తాను, చివరిదాకా చదివి అప్పుడు కోప్పడండి.

మా అమ్మాయి కార్నెల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. చలికాలం నాలుగు నెలలు దాని దగ్గర ఉందామని వచ్చాను. న్యూయార్క్ రాష్ట్రం అంటే ఆ పెద్ద పెద్ద మేడలే అనుకున్నాను గానీ, ఈ ఇథాకా అక్కణ్ణించి కారులో నాలుగు గంటల పైమాటే. కొండలు, ఒక పొడుగాటి సరస్సు, కాలు బయటపెడితే మంచు. టీవీ చూసి చూసి విసుగెత్తి ఉన్నాను. శనివారం సాయంత్రం అది వచ్చి, "అమ్మా, హాకీకి వెళ్దాం పద. పాత పేపరేదైనా ఉందా?" అంది. స్టీలు గిన్నెలకి చుట్టి తెచ్చిన మీ ఆదివారం సంచిక సూట్‌కేసులో అలాగే ఉంది. ముడతలు చేత్తో సాపు చేసి ఇచ్చాను. హాకీకి పేపరెందుకో అడిగితే నవ్వి ఊరుకుంది. కింద పరుచుకుని కూర్చోడానికేమో అనుకున్నాను.

కూర్చోవడమా! లైనా రింక్ అని 1957లో కట్టిన హాలు అది, నాలుగు వేల మంది పైచిలుకు పడతారు. ఒక పక్క ఊళ్లోవాళ్లు బుద్ధిగా కూర్చుంటారు. ఇంకో పక్క విద్యార్థులు, వాళ్లు ఆట మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా నిలబడే ఉంటారు. మా అమ్మాయి టికెట్లు తెచ్చింది ఈ రెండో పక్కన. నా మోకాళ్ల సంగతి దానికి తెలుసు, అయినా తెచ్చింది.

ప్రత్యర్థి జట్టు ఆటగాళ్ల పేర్లు మైకులో చదవడం మొదలవగానే నా చుట్టూ ఉన్న పిల్లలందరూ ఒక్కసారి పేపర్లు విప్పి మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. ఒక్కో పేరు చదవడం, వీళ్లు పేజీలు టపటపలాడిస్తూ "బోర్!" అని అరవడం. మీరెవరో మాకెందుకు, మేం పేపరు చదువుకుంటున్నాం అని దానర్థమట. ఎన్నో ఏళ్లుగా వస్తున్న ఆనవాయితీ. నా పక్క కుర్రాడి దగ్గర పేపరు లేదు, దిక్కులు చూస్తున్నాడు. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, పుస్తకం తెచ్చుకోని పిల్లాణ్ణి చూస్తే చెయ్యి ఊరుకోదు. మధ్య పేజీ లాగి ఇచ్చాను. తర్వాత చూస్తే అది పెళ్లి సంబంధాల పేజీ. "వధువు కావలెను" అన్న అక్షరాల్ని అవతలి జట్టు మొహాన వాడు ఎంత ఆవేశంగా ఊపాడో మీరు చూడాల్సింది. నేను మాత్రం రెండు పేర్లకి ఊపి, మూడో పేరు దగ్గర పదకేళిలో నిలువు ఏడు దొరికి, నిజంగానే చదువుతూ ఉండిపోయాను. మా అమ్మాయి మోచేత్తో పొడిచింది.

అసలు నేను రాయాలనుకున్నది ఆ ప్రత్యర్థి జట్టు గోలీ, అంటే గోల్ కీపర్ గురించి. ఏ కాలేజీయో చెప్పను, వాళ్లమ్మ ఎక్కడైనా బాధపడుతుంది.

మొదటి పీరియడ్ పది నిమిషాలు గడిచాక కార్నెల్ గోల్ వేసింది. సైరన్, బ్యాండు, ఎవరో కొడుతున్న ఆవు మెడ గంట. ఆ హడావిడంతా అయ్యాక నా చుట్టూ ఉన్న వందలాది పిల్లలు వేళ్లు చాచి ఆ గోలీనే చూపిస్తూ, "జల్లెడ! జల్లెడ! జల్లెడ!" అని లయగా అరవడం మొదలెట్టారు. దాని వెంటనే "తప్పంతా నీదే!" అని ఇంకోటి. వాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. నాకు గుండె కలుక్కుమంది. ఇదేం చదువుకున్న పిల్లల లక్షణం అనుకున్నాను. వాడు ఏమీ విననట్టు గోల్ మీద పెట్టుకున్న సీసా తీసి, నీళ్లు నోట్లోకి కొంచెం, గాలిలోకి కొంచెం చిమ్మాడు. ఆ చుక్కలు కిందికి పడేదాకా వాటినే చూశాడు. తర్వాత స్టిక్‌తో కుడి స్తంభాన్ని ఒకసారి, ఎడమ స్తంభాన్ని ఒకసారి తట్టి వంగి నిలబడ్డాడు. పరీక్ష హాల్లో ఒక ప్రశ్న వదిలేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లే పిల్లలు కొందరుంటారు, అచ్చం అలాగే.

అప్పట్నుంచి నేను పక్‌ని చూడటం మానేసి వాణ్ణే చూశాను. ఎలాగూ పక్ కంటికి ఆనదు. అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు ఉన్న నల్లటి రబ్బరు బిళ్ల. దాదాపు క్రికెట్ బంతి బరువు. ఎగరకుండా జారాలని ఆటకి ముందు దాన్ని గడ్డకట్టిస్తారట కూడా. అది రింక్ చుట్టూ ఉన్న అద్దానికి తగిలినప్పుడల్లా నేను కళ్లు మూసుకున్నాను. గోలీని చూస్తే మాత్రం ఆట అర్థమవడం మొదలైంది.

గోల్ ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. పక్ ఉన్న చోటు నుంచి రెండు స్తంభాలకీ రెండు గీతలు గీశామనుకోండి, త్రిభుజం వస్తుంది. గోలీ గోల్ గీత మీదే నిలబడితే త్రిభుజం అడుగు భుజం దగ్గరున్నట్టు, అటూ ఇటూ బోలెడు ఖాళీ. నాలుగడుగులు ముందుకొస్తే అక్కడ త్రిభుజం సన్నబడి ఉంటుంది, దాన్ని మూయడానికి వాడి ఒళ్లే చాలు. పదో తరగతి సరూప త్రిభుజాలు! పిల్లలు ఇవి ఎందుకు పనికొస్తాయి టీచర్ అని అడిగినప్పుడల్లా నీడని బట్టి చెట్టు ఎత్తు కనుక్కోవచ్చని చెప్పేదాన్ని. ఎవరి ఇంట్లో ఎవరికి కావాలి చెట్టు ఎత్తు? ఈ ఆట ముందే చూసి ఉంటే బాగుండేది. ఒక్క చిక్కుంది. మరీ ముందుకొచ్చాక ఎదుటివాడు కొట్టకుండా పక్కవాడికి తోస్తే, వెనక గోల్ మొత్తం వాకిలి తెరిచినట్టే. రెండో గోల్ అలాగే పడింది. వాడు వచ్చిన చోటు సరైనదే, తోసినవాడు ఇంకా తెలివైనవాడు. "తప్పంతా నీదే" అని మళ్లీ మొదలుపెట్టారు. ఆ గోలీ ఎక్కడ నిలబడ్డాడో చూశారా అని నా పక్క కుర్రాడితో అనబోయి, వాడి గొంతు చూసి ఊరుకున్నాను.

విరామంలో జాంబోనీ అనే బండి వచ్చి మంచు చెక్కి, వేడి నీళ్లు పోసి అద్దంలా చేస్తుంటే మా అమ్మాయి ఈ జట్టు చరిత్ర చెప్పింది. 1970లో 29 మ్యాచ్‌లు ఆడి 29 గెలిచి అమెరికా కాలేజీల ఛాంపియన్లయ్యారట, ఒక్క డ్రా కూడా లేకుండా. అలా గెలిచిన మగవాళ్ల జట్టు ఆ పోటీల్లో మళ్లీ ఇంకోటి లేదు. అంతకుముందు 1967లో గెలిచినప్పుడు గోలీ కెన్ డ్రైడెన్. ఆయన తర్వాత మాంట్రియల్ తరఫున డబ్బుకి ఆడే పెద్ద లీగు కప్పు, స్టాన్లీ కప్పు, ఆరుసార్లు గెలిచి, లాయరై, కెనడాలో మంత్రి కూడా అయ్యాడు. గోలీలు ఆలోచించే రకం అని నాకప్పటికే అనుమానం. హార్వర్డ్ వస్తే వీళ్లు చొక్కాల కింద దాచుకొచ్చిన చేపలు మంచు మీదికి విసురుతారట, 1970లలో వాళ్లు కోడితో వెక్కిరించినందుకు బదులుగా. వద్దన్నా ఆగరట. ఆ రోజు నన్ను తీసుకురావద్దని అప్పుడే చెప్పేశాను.

ఇక నా ఫిర్యాదు. మీ క్రీడల పేజీలో ఐస్ హాకీ ఫొటో వచ్చిందంటే అందులో ఇద్దరు చొక్కాలు పట్టుకుని కొట్టుకుంటూ ఉంటారు. అది డబ్బుకి ఆడే లీగుల సంగతి. కాలేజీ హాకీలో కొట్లాటకి దిగితే ఆ మ్యాచ్ నుంచి బయటికి పంపడమే కాదు, తర్వాతి మ్యాచ్ కూడా ఆడనివ్వరు. మొహమంతా కప్పే జాలీ లేకుండా ఎవరూ మంచు మీదికి రారు. ఈ కార్నెల్, హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లో ఆటకని స్కాలర్‌షిప్ కూడా ఇవ్వరు. శనివారం రాత్రి మంచు మీద పడిలేచినవాడు సోమవారం క్లాసులో కూర్చోవాల్సిందే. అద్దానికేసి గుద్దుకోవడం ఉంది, కాదనను, నా ముందే ఇద్దరు గుద్దుకుంటే బల్లలు అదిరాయి. కానీ లేచి ఎవరి దారిన వాళ్లు పోయారు. ఫొటో వేయాలనుకుంటే నీటి చుక్కల్ని చూస్తున్న గోలీ ఫొటో వేయండి.

మూడో పీరియడ్‌లో అవతలివాళ్లు ఒకటి కొట్టి 2-1 చేశారు. ఇంకో నిమిషంన్నర ఉందనగా ఎలాగైనా సమం చేద్దామని వాళ్ల కోచ్ గోలీని బెంచీకి పిలిచేశాడు, అతని బదులు గోల్ కొట్టడానికి ఇంకో ఆటగాడు దిగాడు. గోల్ ఖాళీ. అంత టెన్షన్ నేను మా అమ్మాయి ఎంసెట్ ఫలితాలప్పుడు కూడా పడలేదు. కార్నెల్ కుర్రాడొకడు సగం రింక్ అవతల నుంచి కొట్టాడు, పక్ ఎవరికీ తగలకుండా నింపాదిగా జారుకుంటూ వెళ్లి లోపల పడింది. 3-1. గోలీ బెంచీ మీంచి తిరిగొచ్చి, మిగిలిన కాస్త సమయానికే గోల్ ముందు మంచుని స్కేట్లతో గీరుకుని, మళ్లీ కుడి స్తంభం, ఎడమ స్తంభం తట్టాడు. సైరన్ మోగాక వాళ్ల జట్టంతా ఒక్కొక్కరే వచ్చి వాడి హెల్మెట్‌కి తల ఆనించి వెళ్లారు.

బోర్డు మీద కార్నెల్ షాట్లు 34 అని ఉంది. ఖాళీ గోల్‌లో పడ్డది తీసేస్తే వాడి ముందుకొచ్చినవి 33, పోయినవి 2, ఆపినవి 31. నూటికి 94. ముప్పై మూడింట్లో రెండే కారే జల్లెడతో ఏ ఇల్లాలైనా పిండి జల్లించగలదా? ఈ లెక్క తిరిగొచ్చే దారిలో మా అమ్మాయికి చెప్పాను. "నువ్వు కూడా మూడోసారి జల్లెడ అని అరిచావమ్మా, నేను చూశాను" అంది. అరిచాను. గొంతు ఇవాళ్టికీ బాగవలేదు, అందుకే ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నాను.

పెళ్లి సంబంధాల పేజీ ఆ కుర్రాడు తిరిగివ్వలేదు. నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో దాచుకున్నాడు, వచ్చే మ్యాచ్‌కి కావాలట.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల టీచరు,
ఇథాకా, న్యూయార్క్ రాష్ట్రం