రక్తం పడగానే మొలలని సరిపెట్టకండి

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రభుత్వం ఇంటింటికీ తిరిగి చేయిస్తున్న క్యాన్సర్ పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి. పెద్దపేగు, మలాశయం లేవు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర ఈ క్యాన్సర్ తక్కువ కాబట్టి ఆ నిర్ణయం వెనక కారణం లేకపోలేదు. అయినా దేశంలో ఏటా 60 వేల మందికి పైగా కొత్తగా దీని బారిన పడుతున్నారు. వాళ్లలో 50 ఏళ్లు నిండనివాళ్లు గణనీయంగా ఉన్నారు, చాలామంది జబ్బు ముదిరాకే ఆసుపత్రికి వస్తున్నారు. పేగు లోపలి పొర మీద మొలిచే పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. అంతటి వ్యవధి ఇచ్చే క్యాన్సర్లు తక్కువ. అమెరికా లెక్కల ప్రకారం, పేగు దాటకముందే దొరికినవాళ్లలో అయిదేళ్ల తర్వాత నూటికి 90 మంది బతికి ఉంటున్నారు. కాలేయానికో ఊపిరితిత్తులకో పాకాక దొరికితే 15 మంది దగ్గర ఆగిపోతోంది.

విశాఖలో చికిత్సకు చోటు లేదని ఎవరూ అనలేరు. కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ప్రైవేటువీ ఉన్నాయి. అక్కడిదాకా వచ్చే దారిలోనే రోగి చెయ్యి జారిపోతున్నాడు. ఎక్కడెక్కడ జారుతున్నాడో చెప్పడానికే ఈ ఉత్తరం.

మొట్టమొదట మొలల దగ్గర. విరేచనంలో రక్తం కనిపించగానే రోగి, ఇంట్లోవాళ్లు, ఊళ్లో ఆర్‌ఎంపీ, మందుల షాపతను అందరూ మొలలనే అంటారు. ఎక్కువసార్లు అది నిజమే. కానీ మొలలున్న మనిషికి కాస్త పైన గడ్డ ఉండకూడదని ఏమీ లేదు. మొలల రక్తం సాధారణంగా ఎర్రగా, విరేచనం అయ్యాక చుక్కలుగా పడుతుంది. రక్తం మలంలో కలిసి వచ్చినా, జిగురు పడినా, వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలిందనిపించి మళ్లీ మళ్లీ వెళ్లాల్సివచ్చినా, అలవాటు మారి మూడు వారాలు దాటినా మొలల లేపనంతో సరిపెట్టడానికి వీల్లేదు. మలాశయం కింది భాగంలో గడ్డ ఉంటే డాక్టరు వేలికే తగులుతుంది. వేలు 7, 8 సెంటీమీటర్ల దాకా చేరుతుంది. దానికి కావలసింది ఒక గ్లవుజు, కాస్త జెల్లీ, ఒక నిమిషం. ఆ నిమిషం ఎందుకు దొరకడం లేదంటే ఓపీ గదిలో అడ్డంగా కర్టెన్ ఉండదు, ఆడవాళ్లకి పక్కన నిలబడే నర్సు ఉండదు, వెనక లైన్లో పాతికమంది ఉంటారు. రోగి సిగ్గుపడతాడు, డాక్టరు వదిలేస్తాడు. ప్రతి పీహెచ్‌సీలో ఒక కర్టెన్ గది ఏర్పాటు చెయ్యడం పెద్ద ఖర్చేమీ కాదు.

కుడివైపు పేగులో వచ్చే గడ్డది ఇంకో రకం మోసం. అక్కడ రక్తం కంటికి కనపడదు, హిమోగ్లోబిన్ మెల్లగా పడిపోతుంది. మగవాళ్లకీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకీ ఐరన్ లోపంతో రక్తం తగ్గిందంటే ఐరన్ మాత్ర రాసి పంపడంతో పని అయిపోయినట్టు కాదు, రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి. ఐరన్ మాత్రలతో మలం నల్లబడుతుంది, దాంతో అసలు సంగతి ఇంకా మరుగున పడుతుంది. ఏజెన్సీలో నులిపురుగులు, సికిల్ సెల్ కూడా రక్తహీనత తెస్తాయి. వాటికి మందివ్వాల్సిందే. ఇచ్చాక కూడా పెరగకపోతే పేగు చూడాలి.

లక్షణాలేమీ లేనివాళ్ల సంగతి వేరు. వాళ్లందరికీ నేరుగా కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పేగు లోపల చూసే పరీక్ష) చెయ్యాలనడం మన దగ్గర ఆచరణలో నడవదు, అవసరమూ లేదు. వాళ్లకి తగినది ఫిట్ పరీక్ష. మలంలో కంటికి కనపడని మనిషి రక్తాన్ని మాత్రమే ఇది పట్టుకుంటుంది కాబట్టి మాంసం తిన్నా పర్వాలేదు, ఏ పథ్యమూ అక్కర్లేదు. చాలా ల్యాబుల్లో 'అకల్ట్ బ్లడ్' పేరుతో చేసేది పాత రసాయన పద్ధతి. మాంసం తింటే అది లేని రక్తాన్ని ఉందని చూపొచ్చు, విటమిన్ సి మాత్రలు వేసుకుంటే ఉన్నది లేదని చూపొచ్చు. ల్యాబులో అడిగేటప్పుడే ఫిట్ కావాలని అడగాలి.

ఫిట్ సీసా మూతకే ఒక పుల్ల ఉంటుంది, దాని చివర సన్నని గాట్లుంటాయి. మలం నీళ్లలో పడకూడదు, మూత్రం కలవకూడదు. మన టాయిలెట్‌లో అయితే గుంట మీద వెడల్పాటి ప్లాస్టిక్ కవరు పరుచుకోవాలి. పుల్లతో నాలుగైదు చోట్ల గీకాలి. గాట్లు నిండితే చాలు. ముద్దలు ముద్దలుగా తీసిపెడితే సీసాలో ద్రవానికీ మలానికీ ఉండాల్సిన నిష్పత్తి మారి లెక్క తప్పుతుంది. మూత నొక్కి, ఊపి, పేరూ తేదీ వేళా రాయాలి. నెలసరి రోజుల్లో, మొలలు కారుతున్నప్పుడు తీయకూడదు.

అసలు గొడవ ఆ తర్వాత. హిమోగ్లోబిన్ వేడికి విరిగిపోతుంది. మే నెల ఎండలో ఆశా కార్యకర్త సంచిలో ఆ సీసా ఒక పూట తిరిగిందంటే ఉన్న రక్తం కాస్తా లేనట్టు వచ్చే ప్రమాదం ఉంది. రోగి నిశ్చింతగా ఇంటికి పోతాడు. అందుకని పొద్దున్నే తీసిన సీసాలను ఐసు ప్యాకుల పెట్టెలో అదే రోజు ల్యాబుకు చేర్చాలి. టీకాల పెట్టెలో టీకాలతో కలిపి పెట్టకూడదు, దీనికి వేరే పెట్టె ఉండాలి. మా సలహా ఇంకొకటి: విశాఖలో ఈ పని నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోవాలి. ఎండాకాలంలో మొదలుపెట్టి ఫలితాలు బాగున్నాయని చెప్పుకోవడం కన్నా మొదలుపెట్టకపోవడమే నయం.

గ్రాము మలంలో 20 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్ దాటితే పాజిటివ్ అనడం చాలాచోట్ల వాడుకలో ఉన్న హద్దు. పాజిటివ్ వస్తే కొలనోస్కోపీయే. మళ్లీ ఇంకోసారి ఫిట్ చేసి నెగటివ్ వచ్చిందని వదిలేయడం పొరపాటు, గడ్డలు రోజూ ఒకేలా రక్తం కార్చవు. నెగటివ్ వచ్చినవాళ్లు ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చేయించుకోవాలి. రక్తం పడుతున్న మనిషి మాత్రం ఫిట్ నెగటివ్ కాగితం చూపించి ఇంటికి పోకూడదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. ఇతర దేశాల అనుభవంలో ఫిట్ చేసిన వందమందిలో అయిదారుగురికి పాజిటివ్ వస్తోంది. లక్షమందికి చేస్తే అయిదారు వేల కొలనోస్కోపీలు. ఒక ఎండోస్కోపీ గదిలో రోజుకు 8 చొప్పున ఏడాదికి 250 రోజులు చేసినా 2000 అవుతాయి. అంటే ఈ పనికే మూడు గదులు, మూడు జట్లు కావాలి. అది చూసుకోకుండా కిట్లు పంచితే పాజిటివ్ కాగితం పట్టుకున్న మనిషి నెలల తరబడి ఎదురుచూడాలి. అందుకే మొదటి ఏడాది 55 నుంచి 64 ఏళ్ల వాళ్లకే, నగరంలో నాలుగైదు పట్టణ ఆరోగ్య కేంద్రాల పరిధిలోనే మొదలుపెట్టమంటున్నాం. అమెరికాలో 2021లో వయసు 45కి దించారని ఇక్కడా వెంటనే దించేయనక్కర్లేదు.

కొలనోస్కోపీ చెడిపోయేది ఎక్కువగా పేగు శుభ్రం కాకపోవడం వల్ల. మలం అంటుకుని ఉంటే చిన్న పాలిప్ కనపడదు, డబ్బూ శ్రమా వృథా. రెండు మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, గింజలున్న టమాటా, వంకాయ, జామ, రాగి, పొట్టు పప్పులు మానాలి. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ తినొచ్చు. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి. రక్తం పలచబరిచే మందులు, ఇన్సులిన్ ఉన్నవాళ్లు సొంతంగా ఆపకుండా డాక్టర్ని అడగాలి. ముందురోజు కొబ్బరినీళ్లు, వడకట్టిన చారు లాంటివే. పేగు కడిగే పెగ్ మందు పొడి ప్యాకెట్టు రెండు లీటర్ల నీళ్లలో కలిపి సగం సాయంత్రం, మిగతా సగం పరీక్షకి అయిదారు గంటల ముందు తాగాలి. పదిహేను నిమిషాలకో గ్లాసు. పరీక్షకి రెండు గంటల ముందు నీళ్లతో సహా అన్నీ ఆపాలి. విరేచనం లేత పసుపు నీళ్లలా వస్తే శుభ్రమైనట్టు. మొత్తం రాత్రే తాగేస్తే తెల్లారేసరికి కుడివైపు పేగులో మళ్లీ జిగురు చేరుతుంది.

ఇప్పుడు పాడేరు నుంచో చింతపల్లి నుంచో రావలసిన మనిషిని ఆలోచించండి. తెల్లవారుజామున లీటరు మందు తాగి ఘాట్ రోడ్డులో మూడు నాలుగు గంటలు బస్సులో కూర్చోవడం ఎవరివల్లా కాదు. అందుకని వాళ్లు సగం తాగి వస్తారు, లేదా రారు. ఆసుపత్రి దగ్గర ఒక రాత్రి బస, నలుగురికి ఒక టాయిలెట్ చొప్పున ఉన్న చిన్న వార్డు ఉంటే ఈ సమస్య తీరుతుంది. కొత్త యంత్రం కన్నా ముందు ఆ వార్డు కావాలి.

చికిత్స విషయానికొస్తే, ఈ రోజుల్లో ఒకే క్యాన్సర్‌కి అందరికీ ఒకే మందు కాదు. మలాశయం గడ్డకి ముందు ఎమ్మారై తీసి, రేడియేషన్, కీమో ముందా ఆపరేషన్ ముందా అన్నది తేల్చాలి. గడ్డ నుంచి తీసిన బయాప్సీ ముక్క మీద ఎంఎంఆర్ పరీక్ష అందరికీ చెయ్యాలి. డీఎన్‌ఏలో పడే తప్పులు సరిదిద్దే నాలుగు ప్రొటీన్లు ఉన్నాయో లేవో చూసే రంగుల పరీక్ష అది, పెద్ద హంగులేమీ అక్కర్లేదు. వందలో సుమారు 15 మందికి అందులో లోపం ఉంటుంది. జబ్బు వేరే అవయవాలకు పాకినవాళ్లలో ఇది అయిదుగురి దాకా. వాళ్లకి ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి మళ్లించే మందులు) బాగా పనిచేస్తుంది. కొందరిలో అది లించ్ సిండ్రోమ్‌కి, అంటే ఈ క్యాన్సర్ ముప్పు వంశపారంపర్యంగా వచ్చే స్థితికి ఆనవాలు. జబ్బు పాకినవాళ్లకి కేరాస్, ఎన్‌రాస్, బీరాఫ్ అనే జన్యువుల్లో మార్పులు కూడా చూడాలి. రాస్ మార్పు ఉన్న మనిషికి సెటుక్సిమాబ్ అనే ఖరీదైన క్యాన్సర్ మందు పనిచేయదు, అది ఇవ్వడమంటే లక్షలు పోసి దద్దుర్లు కొనుక్కోవడమే.

ఈ పరీక్షలన్నీ నిలబడేది బయాప్సీ ముక్కని బిగించిన ఒక మైనం దిమ్మ (బ్లాకు) మీద. ఆ ముక్కని దానికి పదింతలు ఫార్మలిన్ (ముక్క చెడకుండా ఉంచే ద్రావణం) ఉన్న సీసాలో వేసి, 6 నుంచి 72 గంటల్లోపు ల్యాబులో మైనంలో బిగించాలి. చిన్న ఆసుపత్రుల్లో ఫార్మలిన్‌లోనే వారం పది రోజులు వదిలేస్తారు. డీఎన్‌ఏ ముక్కలైపోతుంది, జీన్ పరీక్ష పనికిరాదు, మళ్లీ బయాప్సీ. రోగులు రిపోర్టుతో పాటు ఆ బ్లాకుని, స్లైడ్లని కూడా అడిగి తీసుకోవాలి, ఎండ తగలకుండా దాచుకోవాలి. ఆపరేషన్ అయినవాళ్లు రిపోర్టులో ఎన్ని లింఫ్ గ్రంథులు చూశారో చదవాలి. 12 కన్నా తక్కువైతే దశ సరిగా తేలినట్టు కాదు, డాక్టర్ని అడగాలి.

ఎన్టీఆర్ వైద్యసేవ ఆపరేషన్, కీమో, రేడియేషన్ భారం మోస్తోంది. ఎన్నో కుటుంబాలు దానివల్లే నిలబడ్డాయి. కానీ పథకం పని ప్రధానంగా జబ్బు తేలాక మొదలవుతుంది. తేల్చే ఖర్చు, అంటే కొలనోస్కోపీ, బయాప్సీ, దారి ఖర్చు, పోయిన కూలి, చాలావరకు ముందే చేతినుంచి పడుతోంది. ఫిట్ పాజిటివ్ వచ్చిన, లేక రక్తం పడుతున్న 40 దాటిన వ్యక్తి కొలనోస్కోపీని, క్యాన్సర్ తేలిన ప్రతి ఒక్కరికీ ఎంఎంఆర్ పరీక్షని పథకం భరించాలని కోరుతున్నాం. స్టోమా బ్యాగుల (ఆపరేషన్‌లో పొట్ట మీద పెట్టిన ద్వారం దగ్గర మలం పట్టే సంచుల) సంగతి కూడా పట్టించుకోవాలి. బ్యాగు కొనలేక పాత బట్ట కట్టుకుంటే చర్మం పుండ్లు పడి మనిషి పనికి వెళ్లలేడు.

చివరిగా, ఇప్పటికే చికిత్సలో ఉన్నవాళ్ల కుటుంబాల మాట. రోగి తోబుట్టువులు, పిల్లలు 40 ఏళ్లకి గానీ, రోగికి జబ్బు తేలిన వయసుకి పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. రోగికి 42కి తేలితే తమ్ముడికి 32కే. లించ్ ఉన్న ఇళ్లలో 20, 25 ఏళ్ల నుంచే, ఏడాదికో రెండేళ్లకో. డిశ్చార్జి అయ్యేటప్పుడు కేస్ షీటు చివర ఈ తోబుట్టువుల, పిల్లల పేర్లు, వయసులు, ఎవరికి ఏ ఏడాది పరీక్ష పడుతుందో రాసి ఒక ప్రతి ఇంటికి పంపే బాధ్యతని ప్రతి క్యాన్సర్ ఆసుపత్రి ఒక ఉద్యోగికి అప్పగించాలి.

ఇట్లు,
పేగు క్యాన్సర్ రోగులతో పనిచేస్తున్న వైద్య సిబ్బంది,
విశాఖపట్నం