తుపాకులన్నీ స్టేషన్‌కేనా?

ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో జమ చేయాలని గంపగుత్తగా ఆదేశించడం సరికాదు. బెయిలుపై ఉన్నవారు, నేరచరిత్ర ఉన్నవారు, గతంలో అల్లర్లలో పాల్గొన్నవారు ఎవరో చూసి తేల్చడానికే ఎన్నికల సంఘం జిల్లాకో స్క్రీనింగ్ కమిటీ పెట్టమంది. మా దగ్గర మాత్రం ముసలి రైతుకూ రౌడీషీటరుకూ ఒకటే ఫోను. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, జూన్ 4న ఫలితాలు. ఆ 80 రోజులూ అడవి అంచున చేలో ఒంటరిగా కాపలా పడుకునే మా నాన్న చేతిలో టార్చిలైటు, కొట్టడానికో రేకు డబ్బా, అంతే. వేరుసెనగ పీకే వేళకు పందులు సాళ్లకు సాళ్లు కుళ్లగించిపోయాయి. తీరా తుపాకీ తిరిగొస్తే గొట్టం నిండా తుప్పు, మడమకు చెద! అమెరికాలోలా ఆయుధం రాజ్యాంగ హక్కు కావాలని నేననడం లేదు. మన 1959 ఆయుధాల చట్టం కింద అది అనుమతి మాత్రమే, అలా ఉండడమే మంచిది. కానీ ఒంటినీ ఆస్తినీ కాపాడుకునే హక్కును భారతీయ న్యాయ సంహిత 34, 35 సెక్షన్లు ఇచ్చాయి కదా. పంట రక్షణ లైసెన్సులను కమిటీ విడిగా పరిశీలించాలి. జమ చేయమంటే కారణం కాగితం మీద ఇవ్వాలి, ఫలితాలొచ్చిన వారంలోగా నూనె రాసిన తుపాకీ చేతికివ్వాలి.

— ఒక రైతుబిడ్డ