పికప్ కిందకి దించారా, పినియన్ యాంగిల్ చూశారా?

ఎడిటర్ గారికి,

ఇక్కడ టెక్సాస్‌లో మన కుర్రాళ్ళు కొందరు సెకండ్ హ్యాండ్ సిల్వరాడో, ఎఫ్-150 లాంటి పికప్‌లు కొని వెనకాల నాలుగైదు అంగుళాలు దించేస్తున్నారు, చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ హైవే ఎక్కి స్పీడ్ పెంచగానే సీటు కింద వణుకు మొదలు. వెంటనే టైర్ బ్యాలెన్సింగ్‌కి పరిగెడతారు. బండి దించాకే వణుకు వచ్చిందంటే ముందు చూడాల్సింది అది కాదండీ, పినియన్ యాంగిల్, అంటే డ్రైవ్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి శక్తి తెచ్చే గొట్టం) వచ్చి కలిసే యాక్సిల్ గేర్ షాఫ్ట్ ఎంత వాలుగా ఉందో అది.

డ్రైవ్ షాఫ్ట్ రెండు చివర్లా ఉండే యూనివర్సల్ జాయింట్ (కోణంలో కూడా తిరగగలిగే కీలు) వంగి తిరిగేటప్పుడు ఒక్కో చుట్టుకి రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది, రెండో చివర జాయింట్ కూడా అంతే కోణంలో ఉంటేనే ఆ తేడా కొట్టుకుపోతుంది, అంటే గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్టూ పినియనూ సమాంతరంగా ఉండాలన్నమాట. బండిని దించే బ్లాకులు గానీ, యాక్సిల్‌ని కమానుకట్టల పైకి మార్చే ఫ్లిప్ కిట్ గానీ వేశాక బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టి యాంగిల్ గేజ్‌తో కొలవాలి, యాక్సిల్ గాల్లో వేలాడుతుంటే ఆ లెక్క పనికిరాదు. కమానుకట్టల బండిలో యాక్సిలరేటర్ తొక్కితే పినియన్ మూతి పైకి లేస్తుంది, అందుకే ఒకటి రెండు డిగ్రీలు కిందకే పెట్టుకోవాలి, తేడా వస్తే కమానుకట్టకీ యాక్సిల్‌కీ మధ్య స్టీల్ షిమ్ (ఏటవాలు పలక) చాలు. డ్రైవ్ షాఫ్ట్ రెండు భాగాలుగా ఉండే బండైతే ఆ రెంటినీ కలిపే చోట ఉండే మధ్య బేరింగ్ ఎత్తు కూడా చూడాలి, మెకానిక్‌లు చాలామంది దాని జోలికే పోరు!

మీ ఆటో పేజీలో బొమ్మలతో వేయండి సార్.

– ఒక పాఠకుడు, డాలస్