మన నది చున్నీల ట్యాగ్ మారుస్తున్నాం

అందరికీ నమస్కారమండీ. మన మిసిసిపి నది బొమ్మ చున్నీల ట్యాగ్ మీద ఇన్నాళ్లూ "మా సొంత డిజైన్" అని ఉంది. అలా రాయడం తప్పు. ఈ వారం నుంచి తీసేస్తున్నాం.

పోయిన నెల ఒకావిడ "ఇదే బొమ్మ కుషన్ కవర్ మీద చూశాను, మీరు గీసిందేనా అండీ?" అని అడిగారు. కాదండీ. హెరాల్డ్ ఫిస్క్ అనే భూగర్భ శాస్త్రవేత్త అమెరికా ఆర్మీ ఇంజినీర్ల కోసం తయారుచేసి, 1944లో ఇచ్చిన నివేదికలోని మ్యాపు అది. వేల ఏళ్లలో ఆ నది ఎక్కడెక్కడ పారిందో, ఎక్కడ దారి మార్చుకుందో పాత పాయలకు రకరకాల రంగులు వేసి చూపించారు. అప్పటికి పారుతున్న నది మాత్రం తెల్లగా ఉంటుంది. ప్రభుత్వ ప్రచురణగా వచ్చిన ఆ మ్యాపులు పబ్లిక్ డొమైన్‌లో ఉన్నాయి. ఎవరైనా వాడుకోవచ్చు, బట్టల మీద వేసి అమ్ముకోవచ్చు కూడా.

ఇది సరిగ్గా తెలియక, అదే మ్యాపుతో టీషర్టులు అమ్మే ఒకమ్మాయికి "నా డిజైన్ తీసెయ్యండి" అని మెసేజ్ పెట్టాను. పాపం, ఎంత టెన్షన్ పడిందో. ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను.

మరి మీరు డబ్బు దేనికిస్తున్నట్టు? గుడ్డకీ, పనికీ. మొదట జార్జెట్ మీద వేస్తే సన్న గీతలన్నీ రంగు పాకి ఒకదానికొకటి అంటుకుపోయాయి. అందుకే క్రేప్‌కి మారాం. నాచెజ్ ఊరి పేరు అంచు మడతలో సగం పోతుంటే, బొమ్మ మొత్తం రెండంగుళాలు లోపలికి జరిపి మళ్లీ ప్రింట్ చేయించాం.

కొత్త ట్యాగ్ ఇలా ఉంటుంది: "మ్యాపు: హెరాల్డ్ ఫిస్క్, 1944. ప్రింటు, కుట్టు: మావి." ఇంజినీర్ల సంస్థ ముద్ర వేయం. వేస్తే వాళ్లే మా సరుకును మెచ్చుకున్నట్టు అనిపిస్తుంది. పాత ట్యాగ్ చూసి సొంత డిజైన్ అనుకుని కొన్నవాళ్లు వెనక్కి పంపండి, పూర్తి డబ్బు ఇచ్చేస్తాను.

గోదావరి చున్నీ ఎప్పుడని చాలామంది అడుగుతున్నారు. మన దేశంలో రూలు వేరు. ప్రభుత్వ మ్యాపులకు ఇక్కడ కాపీరైట్ ఉంది, ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ధవళేశ్వరం దిగువన నది పాయలుగా చీలే చోటు ఉన్న పాత మ్యాపు కోసం వెతుకుతున్నాను. ప్రచురించిన ఏడాది స్పష్టంగా అచ్చయి ఉన్న కాపీ చేతికొచ్చాకే ఆర్డర్లు తీసుకుంటాను.